నలభై రెండో కవరు

చనిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడమంత దండగ పని ఇంకోటి లేదు. తిట్టినా వినడు, అలిగినా బతిమాలడు. అయినా కాదుగారు పన్నెండు రోజులుగా పొద్దున్నే షెడ్డు తాళం తీసి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆ పనే చేస్తున్నారు.

కాదుగారు అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరేమీ కాదు. ఆయన విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఎవరు ఏ కాగితం తెచ్చినా ముందు ‘కాదు’ అనేసి, ఆ తర్వాతే కళ్ళజోడు వెతుక్కునే మనిషి. ఆ పేరు తగిలించింది కెప్టెన్. తగిలించాక ఇక ఊడలేదు. విమానం ఎంత ముచ్చటగా ఉన్నా, పైలట్ ఎంత పేరున్నవాడైనా, కాదుగారు రాసేది ‘అభ్యంతరం లేదు’ అన్న రెండు ముక్కలే. ‘బాగుంది’ అన్న మాట ఆయన నోట విన్నవాళ్ళు ఆ చిన్న విమానాశ్రయంలో ఒక్కరూ లేరు. ఇంట్లో భార్య కూడా వినలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని ఆవిడ అడిగితే, ఆయన ఒక్క ముద్ద మింగి, “అభ్యంతరం లేదు,” అనేవారు.

కెప్టెన్ సంగతి వేరు. ఆయన పైలట్ అయింది బతుకుతెరువు కోసం, ఇంజనీరు అయింది చదువు వల్ల. కొత్త వస్తువులు కనిపెట్టడం మాత్రం జబ్బు లాంటిది, చివరిదాకా తగ్గలేదు. ఊళ్ళో జనం కెప్టెన్‌ని ‘వచ్చాడు, వెళ్ళాడు’ అనేవారు, కాదుగారిని ‘వచ్చారు, వెళ్ళారు’ అనేవారు. ఏది ప్రేమో ఏది భయమో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒకసారి గాల్లో ఇంజను ఆగిపోతే కెప్టెన్ విమానాన్ని తారురోడ్డు మీద దించాడు. దిగిన చోట ముందర ఒక బస్సు ఆగి ఉంది. కండక్టరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కిందికి దూకితే, కెప్టెన్ తలుపు తీసుకుని దిగి, “ఓవర్‌టేక్ చేద్దామనుకున్నానండీ, హారన్ పనిచేయడం లేదు,” అన్నాడట. ఇంకోసారి, వంటింట్లో ఉక్కపోతగా ఉందని భార్య అంటే పాత విమానం పంఖా ఒకటి తెచ్చి కిటికీకి బిగించాడు. స్విచ్చి వేయగానే డబ్బాలో పిండి డబ్బాలో లేదు. ఆవిడ తల నుంచి పాదాల దాకా తెల్లగా నిలబడి, “చల్లగానే ఉంది. ఇక ఆపండి,” అందట.

అలా తిరగబడినవన్నీ ఆయన పారేసేవాడు కాదు. షెడ్డులో ఒక గోడ నిండా మేకులు కొట్టి వరసగా వేలాడదీశాడు. ఒక్కో దానికి ఒక్కో అట్టముక్క. ‘పనిచేయలేదు. కారణం: తొందర.’ ‘పనిచేసింది. అదే సమస్య.’ ‘పనిచేయలేదు. కారణం: నేను.’ ఆ గోడ చూసి నవ్వనివాళ్ళు లేరు. కానీ ఆ గోడ ఎదురుగానే, రెండు సీట్ల బుల్లి విమానంలో రోగిని పడుకోబెట్టి తీసుకెళ్ళేలా మడతపడే స్ట్రెచరు కూడా తయారైంది. రోడ్డు సరిగా లేని ఊళ్ళ నుంచి పురిటి నొప్పుల మనిషిని ఆసుపత్రికి చేర్చింది ఆ స్ట్రెచరే. దానికి అట్టముక్క లేదు. గెలిచిన వాటి గురించి కెప్టెన్ ఏమీ రాసేవాడు కాదు.

ఇప్పుడు షెడ్డు మధ్యలో నిలబడి ఉన్నది ఆయన చివరి పని. పక్కపక్కన రెండు సీట్లున్న తెల్లటి విమానం. మేనకోడలి కోసం చేసింది.

ఆ అమ్మాయికి చిన్నప్పుడు జ్వరం తగిలి కుడికాలు చచ్చుబడింది. ఇప్పుడు అదే విమానాశ్రయంలో టవర్ మీద రేడియో దగ్గర ఉద్యోగం. ఆకాశంలో తిరిగేవాళ్ళకి ఎప్పుడు దిగాలో, ఎటు తిరగాలో చెప్పే గొంతు ఆమెది. “అందరినీ దించుతాను, నేను మాత్రం ఎక్కను,” అని నవ్వేది. ఆ నవ్వు కెప్టెన్‌కి పడలేదు. శిక్షకుడి పక్కన కూర్చోబెట్టి విమానం నేర్పించాడు. చేతులతో చేసేదంతా అమ్మాయి, కాళ్ళతో చేసేదంతా శిక్షకుడు. విమానం తోక దగ్గర నిలువుగా ఉండే రడ్డర్‌ని తిప్పేది పెడళ్ళు. పెడళ్ళకి రెండు కాళ్ళూ కావాలి.

“నేను నడుం పైదాకే పైలట్‌ని మామయ్యా,” అందిట ఒకరోజు.

కెప్టెన్ ఎడమవైపు సీటు ముందున్న పెడళ్ళు పీకేశాడు. సీటు పక్కన ఎడమచేతికి అందేలా ఒక లీవరు పెట్టాడు. ముందుకు తోస్తే రడ్డర్ ఎడమకి, వెనక్కి లాగితే కుడికి. ఇంజను వేగం పెంచడానికి లీవరు పిడికే మోటారు సైకిలు మీద ఉన్నట్టు తిప్పుడు పిడి. ఏడాదిన్నర పట్టింది. అన్నీ అయ్యాక, తనిఖీకి పెట్టాక, ఆయన గుండె మొరాయించింది.

ఇక కాదుగారి కోపం దేనికో తెలియాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పుడు ఆయన ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. కెప్టెన్ సొంతంగా బిగించిన విమానం తనిఖీకి వచ్చింది. భోజనాల వేళ, కడుపులో ఆకలి, పక్కన పేరున్న పైలట్. చుట్టూ ఒకసారి తిరిగి, రెక్క మీద తట్టి, సంతకం పెట్టేశారు. కెప్టెన్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యి పట్టుకుని తోక దగ్గరికి తీసుకెళ్ళి వేలు పెట్టి చూపించాడు. బోల్టు ఉంది. నట్టు ఉంది. నట్టు ఊడిపోకుండా అడ్డంగా గుచ్చే పిన్ను లేదు.

“నేనే తీశాను, మీరు చూస్తారో లేదోనని,” అన్నాడు. “మీరు సంతకం పెట్టింది విమానం కాగితం మీద కాదండీ. నా చావు కబురు మీద.”

ఆ పూట కాదుగారికి అన్నం సయించలేదు. అవమానానికి చెవులు కాలిపోయాయి. ఆ మనిషి తెచ్చిన ఏ విమానాన్నీ ఈ జన్మలో గుడ్డిగా వదిలేది లేదని ఒట్టు పెట్టుకున్నారు. కెప్టెన్‌కి కావాల్సిందీ అదే.

“మన పని మనంటే పడనివాడి చేతే చూపించుకోవాలి,” అనేవాడు. “స్నేహితుడైతే మన మొహం చూస్తాడు. పడనివాడైతే నట్టు చూస్తాడు.”

అప్పటి నుంచి అదో పద్ధతి అయింది. ఏ రూల్ పుస్తకంలోనూ లేని పద్ధతి. కెప్టెన్ ఏది తనిఖీకి పెట్టినా అందులో కావాలని ఒక తప్పు పెట్టేవాడు. అదేమిటో కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, కాదుగారి డ్రాయరులో పడేసేవాడు. తప్పు దొరికితే ఇద్దరి ఎదుటా సరిచేసి, చింపని కవరు తిరిగి తీసుకుపోయేవాడు. దొరక్కపోతే కవరు చింపి చూసుకోవచ్చు. ఇప్పటిదాకా నలభై ఒక్క కవర్లు. కాదుగారు ఒక్కటీ చింపలేదు. ఒకసారైతే కెప్టెన్ పెట్టిన తప్పు కోసం వెతుకుతూ ఇంజను బిగించిన చట్రంలో వెంట్రుకంత పగులు పట్టుకున్నారు. కెప్టెన్ వంగి చూసి, “ఇది నేను పెట్టింది కాదండీ,” అని నేల మీద కూలబడిపోయాడు. ఆ రోజు మాత్రం జోకు వేయలేదు.

నలభై రెండో కవరు ఆసుపత్రి మంచం మీద నుంచి ఇచ్చాడు. దాంతోపాటు తలగడ కింద నుంచి ఇంకొకటి తీశాడు. అరచెయ్యికన్నా కాస్త పెద్దదైన వంకర అల్యూమినియం పలక. మందంగా ఉంది. లోపలి వంపుకి మెత్తటి తోలు అంటించి ఉంది, ఒక అంచున రెండు రంధ్రాలు.

“మీరు తిరగ్గొట్టిన కాగితాలన్నీ ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయట కదా,” అన్నాడు. “వాటికి మాత్రం ఎగిరే యోగం ఎందుకు? దీన్ని బరువు పెట్టండి.”

కెప్టెన్ చేసేవన్నీ ఇలాంటి వంకర వస్తువులే కాబట్టి కాదుగారు ఎందుకూ ఏమిటీ అని అడగలేదు.

“లీవరు చూశారా? ఎలా ఉంది?”

“చూడాలి.”

“ముప్పై ఏళ్ళయిందండీ. ఒక్కసారి బాగుందని చెప్పి చావచ్చుగా!”

“చావబోయేది మీరైతే నేనెందుకు చెప్పాలి?” అన్నారు కాదుగారు.

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నర్సు వచ్చి గదిమేదాకా నవ్వారు. నాలుగో రోజు కెప్టెన్ పోయాడు. అప్పటి నుంచి ఆ మాట కాదుగారి గొంతులో ముల్లులా ఉండిపోయింది. ‘బాగుంది’ అనడానికి ఖర్చేం లేదు. అనలేదు, అంతే. ఇప్పుడు అనాలన్నా ఎవరితో అనాలి?

పన్నెండు రోజుల్లో ఆయన ఆ విమానాన్ని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించారు. ప్రతి నట్టుకీ పానా పెట్టి చూశారు. ప్రతి కేబులూ వేళ్ళతో తడిమారు. లీవరుని వందసార్లు తోసి, వందసార్లు లాగారు. వెన్నలా కదిలింది. కెప్టెన్ పెట్టిన తప్పు ఉలుకూ పలుకూ లేకుండా ఎక్కడో దాక్కుంది. శుక్రవారంతో కాదుగారి ఉద్యోగం ముగుస్తుంది. ఆలోగా సంతకం పడకపోతే ఫైలు పెద్దాఫీసుకి పోతుంది. చేసినవాడు పోయాడు, చూసినవాడు రిటైరయ్యాడు అని అక్కడ ఏ గుమాస్తా అయినా దాన్ని అటక ఎక్కిస్తాడు. అమ్మాయి నడుం పైదాకే పైలట్‌గా మిగిలిపోతుంది.

మంగళవారం కెప్టెన్ భార్య షెడ్డుకి వచ్చింది. విమానం ఇప్పుడు ఆవిడది, దాన్ని స్టార్టు చేసే తాళంచెవి ఆవిడ కొంగున ఉంది.

“అన్నయ్యగారూ, ఇంకా దొరకలేదా?”

“లేదు చెల్లెమ్మా.”

“ఆ కవరేదో చింపి చూడరాదూ? ఎన్నాళ్ళిలా నట్లూ బోల్టులూ పట్టుకుని కూర్చుంటారు? దొరక్కపోతే చూసుకోవచ్చనేగా పద్ధతి.”

“చింపితే ఆయన పెట్టిన ఒక్క తప్పే తెలుస్తుందమ్మా. వెతికితే ఆయనకి తెలియకుండా ఉన్నవి కూడా బయటపడతాయి. ఎక్కేది మీ ఆడపడుచు కూతురు. ఒక్క తప్పు తెలిస్తే చాలదు.”

అది నిజమే. కానీ అది సగం నిజం. మిగతా సగం ఆయన చెప్పలేదు. ఆ కవరు చింపిన క్షణాన కెప్టెన్‌తో ఆట ముగిసిపోతుంది. అంటించి ఉన్నంతకాలం ఆయన ఇంకా ఎదురు కుర్చీలో కూర్చుని మీసాల చాటున నవ్వుతున్నట్టే ఉంది.

ఆవిడ విమానం వంక చూసి, చూపు తిప్పుకుంది. “దొరక్కపోతేనే మంచిదేమో. పిల్లని ఎక్కించాలంటే నాకు గుండె దడ. ముప్పై ఏళ్ళు ఒకరి కోసం కిటికీలో నిలబడ్డాను. ఇక ఇంకొకరి కోసం నిలబడే ఓపిక నాకు లేదు. మీరు సంతకం పెట్టినా తాళంచెవి ఇస్తానని మాత్రం నేను మాటివ్వను.”

బుధవారం డ్యూటీ దిగి మేనకోడలు వచ్చింది. రేడియోలో కాదుగారిని ‘సార్’ అంటుంది, నేల మీద ‘బాబాయ్’ అంటుంది.

“బాబాయ్, ఒక్కసారి నన్ను కూర్చోనివ్వండి.”

“కాదు. సంతకం పడని విమానంలో నడిపేవాళ్ళు కూర్చోకూడదు. ముప్పై ఏళ్ళుగా అదే రూలు.”

“నేను కూర్చోకుండా, ఇది నాకు సరిపోతుందో లేదో మీకెలా తెలుస్తుంది?”

“అమ్మాయ్, కొలతలన్నీ మీ మామయ్య తీసుకున్నారు కదా?”

“అన్నం తినే బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి తీసుకున్నాడు. చెయ్యి పొడుగు, భుజం ఎత్తు. నడుం పక్కన అట్టముక్క పెట్టి పెన్సిలుతో గీశాడు కూడా. పెళ్ళికూతురికి వడ్డాణం కొలతలా ఉందే అని అత్తయ్య నవ్వింది.”

కాదుగారు మళ్ళీ ‘కాదు’ అన్నారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు మరి. అమ్మాయి షెడ్డు గోడవార బల్ల మీద కూర్చుని, ఆ గోడ మీద మామయ్య అట్టముక్కలు చదువుకుంటూ ఉండిపోయింది.

కాదుగారు చేతులు తుడుచుకుంటూ ఆమె వైపు చూశారు. అమ్మాయి పైన వేలాడుతున్న ఒక వస్తువుని అందుకోవడానికి ఎడమచెయ్యి చాచింది. చాచే ముందు కుడిచెయ్యి బల్ల అంచుని గట్టిగా పట్టుకుంది. పట్టు వదిలితే మనిషి కుడివైపుకి ఒరిగిపోతుంది. ఆ పిల్లకి అది ఊపిరి పీల్చినంత అలవాటు. చూసేవాళ్ళకి కనిపించదు. అన్నేళ్ళుగా చూస్తున్న ఆయనకీ ఇన్నాళ్ళూ కనిపించలేదు.

ఎగిరేటప్పుడు ఆ కుడిచేతిలో విమానాన్ని పైకీ కిందికీ తిప్పే పిడి ఉంటుంది. మరి దేన్ని పట్టుకుంటుంది?

ఆమె వెళ్ళిపోయేదాకా ఆగి, కాదుగారు తన నడుం బెల్టు తీశారు. దాంతో కుడికాలు మడిచి తొడకి కట్టేసుకున్నారు. అరవై ఏళ్ళ మనిషి ఒంటికాలి మీద గెంతుతూ రెక్క పట్టుకుని సీటులోకి ఎక్కడం ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకునేవాళ్ళు. టీ తెచ్చిన షెడ్డు ఫిట్టరు చూశాడు కూడా. చూసి, టీ గ్లాసు అక్కడే పెట్టి మర్యాదగా బయటికి వెళ్ళిపోయాడు.

సీటు బెల్టు బిగించారు. కుడిచేతిలో పిడి పట్టుకున్నారు. ఎడమచేత్తో లీవరుని ముందుకు తోశారు. సగం దూరం వెన్నలా వెళ్ళింది. ముప్పావు దాకా వెళ్ళింది. ఇంకా తోస్తే లీవరు కదల్లేదు, మనిషి కదిలాడు. నడుం కుడివైపుకి జారిపోయింది. సీటు బెల్టు మనిషిని ముందుకు పడకుండా పట్టుకుంటుంది గానీ పక్కకి జారకుండా పట్టుకోదు. మళ్ళీ తోశారు. మళ్ళీ జారారు. కుడికాలు కట్టు విప్పి, పాదం నేలకి ఆనించి తోశారు. లీవరు చివరిదాకా వెళ్ళింది.

వందసార్లు తోసినప్పుడూ ఆయన తన కుడిపాదంతో నేలని తన్నిపట్టి తోశారు. తెలియకుండానే. రెండు కాళ్ళున్నవాళ్ళందరూ అలాగే తోస్తారు. పక్కగాలి కొట్టే రోజున విమానం దింపాలంటే కావాల్సింది ఆ చివరి పావు వంతే. ఆ పావు లేక ఆ పిల్ల... ఆయన ఆ ఆలోచనని అక్కడే ఆపేశారు.

కిందికి వంగి సీటు కుడిపక్క చూశారు. అక్కడ రెండు రంధ్రాలున్నాయి. రబ్బరు బిరడాలతో శుభ్రంగా మూసి, రంగు కూడా వేసి ఉన్నాయి. మొదటిరోజే చూశారు వాటిని. తన చేతిరాతతోనే రాసుకున్నారు: ‘సీటు కుడిపక్క రెండు ఖాళీ రంధ్రాలు, మూసి ఉన్నాయి. అభ్యంతరం లేదు.’ నలభై ఒక్కసార్లూ కెప్టెన్ ఉన్నదాన్ని చెడగొట్టి పెట్టాడు. ఈసారి, ముప్పై ఏళ్ళ కిందటి పిన్ను లాగే, ఉండాల్సినదాన్ని తీసేశాడు. లేనిదానికి పానా ఎక్కడ పెడతారు?

బొటనవేలూ చూపుడువేలూ ఆ రెండు రంధ్రాల మీద ఆనించారు. ఆ దూరం ఆయన వేళ్ళకి తెలుసు. రోజూ పట్టుకుంటున్న దూరమే.

కాదుగారు పరుగెత్తారు. ఆఫీసు గదిలో బల్ల మీద, తిరగ్గొట్టిన కాగితాల బొత్తి మీద, తోలు అంటించిన వంకర పలక తీరిగ్గా కూర్చుని ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పలక అందుకోగానే ఫ్యాను గాలికి కాగితాలన్నీ గదంతా ఎగిరాయి. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన వాటిని ఏరుకోవడానికి వంగలేదు.

బిరడాలు పీకి పలక పెడితే రెండు బోల్టులూ వేళ్ళతోనే ఎక్కేశాయి. పానాతో బిగించి, పిన్నులు గుచ్చి, మళ్ళీ కాలు కట్టుకుని కూర్చున్నారు. పలక వంపు ఆయన తుంటిని అమ్మ చెయ్యిలా ఆపింది. పెళ్ళికూతురి వడ్డాణం కాదు, ఇదీ ఆ అట్టముక్క గీత. లీవరు తోశారు. చివరిదాకా వెళ్ళింది. లాగారు. చివరిదాకా వచ్చింది. ఆ సీటులో అలాగే కూర్చుని కాసేపు ఏడ్చారు. సిగ్గుపడలేదు.

గురువారం పొద్దున్నే అమ్మాయిని పిలిచి, రూలుని పక్కనపెట్టి, కూర్చోబెట్టారు. ఆమె ఎడమచేత్తో లీవరుని చివరిదాకా తోసింది. కుడిచెయ్యి దేన్నైనా పట్టుకోవాలని వెతుక్కోలేదు. ఆ సంగతి ఆమెకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక, “బాబాయ్,” అని మాత్రం అంది. కాదుగారు కాగితం మీద ‘అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం పెట్టారు.

శుక్రవారం, ఉద్యోగం చివరి రోజు, కవరు తీసుకుని కెప్టెన్ ఇంటికి వెళ్ళారు. పద్ధతి ప్రకారం చింపని కవరు తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వాల్సినవాడు లేడు కాబట్టి అది ఆవిడకే చేరాలి.

“దొరికింది చెల్లెమ్మా. ఇదిగో, అంటించింది అంటించినట్టే ఉంది.”

ఆవిడ కవరు అటూ ఇటూ తిప్పి చూసింది. వంటింటి కత్తితో అంచు కోసి, కాగితం తీసి, కిటికీ వెలుగులో పట్టుకుంది. చదువుతూ చదువుతూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో కాదుగారికి తెలియలేదు.

“ఏం తప్పని రాశారు? తుంటి పలకేనా?”

“తప్పు గురించి ఒక్క ముక్క లేదన్నయ్యగారూ. ఇది నాకు రాసిన ఉత్తరం.”

కాదుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ పైకి చదివింది.

‘ఏమోయ్, కాదుగారు ఈ కవరు చింపరు. అందుకని తప్పేమిటో ఇందులో రాయలేదు, రాస్తే సిరా దండగ. చింపకుండా ఇది నీ చేతికి వచ్చిందంటే తప్పు ఆయనకి దొరికిందన్నమాట. పిల్లకి ఇక ఏ ఢోకా లేదన్నమాట. దాన్ని ఆపకు. నేను ఎగిరినన్నాళ్ళూ నువ్వు వంటింటి కిటికీలోంచి చూస్తూ భయపడ్డావు, నాకు తెలుసు. నువ్వు చూస్తున్నావనే నేను రెక్క ఊపేవాణ్ణి. ఈసారి కిటికీ దగ్గర నిలబడకు, బయటికొచ్చి చూడు. ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్‌కి టీ ఇవ్వు. పంచదార ఎక్కువైనా ఫరవాలేదు, అభ్యంతరం లేదంటాడు.’

“అంటే, నేనిది చింపి ఉంటే...” అన్నారు కాదుగారు. ముప్పై ఏళ్ళు ‘మీరు’ అన్న మనిషిని మొదటిసారి ఏకవచనంలో తిట్టారు. “ఓరి నీ తెలివి తగలెయ్యా! చచ్చి కూడా నన్ను ఇంత నమ్మావా!”

ఆవిడ టీ పెట్టింది. పంచదార నిజంగానే ఎక్కువైంది. ఆయన గ్లాసు ఖాళీ చేసేదాకా ఆగి, ఆవిడ కొంగు ముడి విప్పి తాళంచెవి తీసింది.

పదింటికల్లా మైదానం మీద గాలి తేలిగ్గా ఉంది. టవర్‌లో రేడియో దగ్గర ఇంకెవరో కూర్చున్నారు, ఎందుకంటే అక్కడ కూర్చోవాల్సిన మనిషి తెల్ల విమానంలో ఎడమ సీటులో ఉంది. పక్కన శిక్షకుడు చేతులు కట్టుకుని, కాళ్ళు వెనక్కి లాక్కుని, బస్సులో ప్రయాణికుడిలా కూర్చున్నాడు. షెడ్డు ముందు బల్ల మీద కాదుగారూ కెప్టెన్ భార్యా.

విమానం పరుగెత్తింది. ముక్కు కొంచెం పక్కకి లాగింది, వెంటనే సర్దుకుంది. చక్రాలకీ నేలకీ మధ్య వెలుతురు కనిపించింది. ఆవిడ గట్టిగా కళ్ళు మూసుకుని, భర్త మాట గుర్తొచ్చి మళ్ళీ తెరిచింది. తెల్ల విమానం పైకి లేచి, మైదానం మీదుగా పెద్ద చుట్టు తిరిగి, సరిగ్గా వాళ్ళ తలల మీదికి వచ్చినప్పుడు రెక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊపింది.

ఎవరూ నేర్పలేదు ఆ పిల్లకి ఆ పని. నేర్పక్కర్లేకుండానే వచ్చింది.

కాదుగారు తల పైకెత్తి, అది చెట్ల మీదుగా తిరిగి కనుచూపు చివరికి వెళ్ళేదాకా చూశారు.

“బాగుంది,” అన్నారు.

కెప్టెన్ భార్య గబుక్కున ఆయన వైపు తిరిగింది. “ఏమన్నారు అన్నయ్యగారూ?”

“రెండోసారి చెప్పను,” అన్నారు కాదుగారు. “వినాల్సినవాడు వినే ఉంటాడు.”